అమ్మ మాటకు నేను చెప్పిన అరబ్బీ

ఈ మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. చేప ముల్లయితే ఇంత అన్నం ముద్ద మింగితే దిగిపోతుంది. ఇది దిగదు, పైకీ రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఉంటే ఎప్పుడో, చెప్పాల్సిన మనిషికే చెప్పి ఉండేదాన్ని.

ముందే చెప్తున్నాను. మీరు నన్ను మంచిదాన్ననుకోవాలని ఇది రాయడం లేదు. నన్ను మంచిదాన్ననుకునేవాళ్ళు నా చుట్టూ ఇప్పటికే చాలామంది ఉన్నారు. నా బాధంతా వాళ్ళతోనే.

మా అమ్మ పేరు సువార్తమ్మ. మాది గోదావరి జిల్లా. అమ్మ మామూలుగా మాట్లాడితేనే నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఇక కోపంగా మాట్లాడితే చెప్పక్కర్లేదు. నాలుగో తరగతిలో ఒకసారి లెక్కల మాస్టారు నన్ను బెత్తంతో కొట్టారు. అమ్మకెవరు చెప్పారో ఏమో, చేలో పని వదిలేసి బురద కాళ్ళతోనే బడికొచ్చింది. అందరి ముందూ నా గౌను పైకెత్తి, తొడ మీద వాత చూపించింది. మాస్టారు తప్పయిపోయిందన్నారు. ఆ తర్వాత ఆయన నా జోలికి రాలేదు. కానీ మగపిల్లలు ఏడాది పొడుగునా నన్ను చూసి గౌను ఎత్తుతున్నట్టు సైగలు చేసేవాళ్ళు. అమ్మ గెలిచింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఇంతే.

పెళ్ళిచూపుల్లో నన్నడిగిన ప్రతి ప్రశ్నకీ అమ్మే జవాబు చెప్పింది. నీ పేరేంటమ్మా అంటే కూడా అమ్మే చెప్పింది. మా ఆయనకి వేరే మనిషి ఉందని తెలిసినప్పుడు, నేను ఇంకా ఏం చెయ్యాలో ఆలోచించుకుంటూనే ఉన్నాను, అప్పటికే దుబాయ్‌లో పని చేస్తున్న అమ్మ సెలవు మీద దిగి, వాళ్ళ వీధిలో నిలబడి వాళ్ళ వంశాన్నంతా కడిగేసి, నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. అలా నా కాపురం ముగిసింది. ముగియాల్సిందేనేమో. కానీ ఆ మాట నేను అనాలి కదా? నన్ను అననివ్వాలి కదా?

దుబాయ్ అన్నది మా ఊరి మాట. అమ్మ ఉన్నది ఆ దేశంలోనే అల్ ఐన్ అనే ఊళ్ళో, ఒక అరబ్బుల ఇంట్లో వంట పని. ఆ ఇంటి మేడమ్‌కి పిల్లల్ని చూసుకోవడానికి ఇంకో మనిషి కావాల్సి వస్తే, ఎవరెవరితోనో చెప్పించి నాకూ వీసా తెప్పించింది. రెండు వేల మూడులో నేనూ వెళ్ళాను. ఒకే ఇల్లు, ఒకే గది, పక్కపక్కన మంచాలు. ముప్ఫైకి దగ్గరపడినదాన్ని, అందరి ముందూ "పాపా, తల దువ్వుకున్నావా?" అని అడిగేది.

అమ్మకి అరబ్బీ ఒంటబట్టలేదు. సైగలతో, నాలుగు హిందీ ముక్కలతో నెట్టుకొచ్చేది. ఏమన్నా అంటే, ఆవిణ్ణే మన భాష నేర్చుకోమనవే అనేది. నాకు మాత్రం పిల్లలతో కూర్చుని టీవీలో బొమ్మల కార్యక్రమాలు చూస్తూ చూస్తూ ఏడాదిలో వచ్చేసింది. ఇక అక్కణ్ణించి మేడమ్ చెప్పేది అమ్మకి నేను చెప్పాలి, అమ్మ అనేది మేడమ్‌కి నేను చెప్పాలి. పుట్టినప్పటి నుంచీ నా నోరు అమ్మ దగ్గర ఉంది. ఆ ఇంట్లో అమ్మ నోరు నా దగ్గరికొచ్చింది. ఆ సంగతి మొదట్లో నాకు తట్టలేదు. తట్టాక మర్చిపోలేదు.

ఇప్పుడు శుక్రవారాల గురించి చెప్పాలి.

శుక్రవారం మాకు సగం పూట సెలవు. చర్చి ఆవరణలో తెలుగువాళ్ళకి ఒక చిన్న హాలు ఇచ్చేవాళ్ళు. ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళం ఎక్కువ. ఖర్జూరం తోటల్లో పని చేసే మగవాళ్ళు కొందరు. ఆ ప్రార్థన కూటం నడిపేది కరుణ ఆంటీ. పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. అంటే ఒక్కొక్కరూ లేచి, ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకుంటారు. కష్టముంటే చెప్పి అందర్నీ ప్రార్థన చెయ్యమంటారు. చివర్న అందరూ కలిసి స్తోత్రం అంటారు.

అమ్మ ప్రతి శుక్రవారమూ లేచేది. అమ్మ సాక్ష్యం నిండా నేనే ఉండేదాన్ని. నా పిల్లకి చిన్నప్పుడు పక్క తడిపే జబ్బుండేది, దేవుడు స్వస్థపరిచాడు, స్తోత్రం. నా పిల్లకి కడుపు నిలవలేదు, రెండుసార్లు పోయింది, ప్రార్థన చెయ్యండి. మొగుడు ఇంకో దాన్ని తెచ్చుకున్నాడు, వాడి మనసు మారకపోయినా పర్లేదు గానీ నా పిల్ల మనసుకి శాంతి కావాలి. మగవాళ్ళున్నారనే వెరపు కూడా లేదు. నేను నేలలోకి చూస్తూ కూర్చునేదాన్ని. ఇంటికెళ్ళాక కొట్లాడితే, దేవుడి దగ్గర దాపరికమేంటే అనేది. దేవుడి దగ్గర కాదమ్మా, డ్రైవర్ల దగ్గర, తోట పనివాళ్ళ దగ్గర అని అరిచేదాన్ని. అమ్మకి అర్థమయ్యేది కాదు. నిజంగానే అర్థమయ్యేది కాదు. నా కష్టాన్ని నలుగురి నెత్తినా పెడితే నాకు బరువు తగ్గుతుందని అనుకునేది.

ఆ కూటంలో డోలక్ వాయించే అబ్బాయి ఒకడుండేవాడు. పేరెందుకు లెండి. అతనిది మా పక్క తాలూకా. ఒక తోటలో నీళ్ళ మోటార్లు చూసుకునేవాడు. తోట నుంచి ఖర్జూరాలు తెచ్చి అందరికీ పంచుతూ, నా చేతిలో రెండెక్కువ పెట్టేవాడు. అంతే, అంతకన్నా ఏమీ లేదు. కానీ ఆ రెండు ఖర్జూరాల కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. ఏళ్ళ తర్వాత నాకంటూ ఒక సంగతి దొరికింది. అమ్మకి తెలియనిది.

తెలియదని నేననుకున్నాను.

ఆ శుక్రవారం అమ్మ ఎప్పటిలాగే లేచింది. పిల్లదాని జీవితం మళ్ళీ కుదుటపడాలని ప్రార్థన చెయ్యమంది. అక్కడితో ఆగితే బాగుండేది. డోలక్ వైపు చెయ్యి చూపించి, "ఈ అబ్బాయంటే నా పిల్లకి ఇట్టం. దాని నోటితో అది చెప్పుకోలేదు. తండ్రీ, ఈళ్ళిద్దర్నీ నువ్వే కలపాల" అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను డోలక్ మీద చేతులు పెట్టుకుని అలాగే తల వంచుకున్నాడు. స్తోత్రం అన్నవాళ్ళూ ఉన్నారు.

తర్వాతి వారం అతను రాలేదు. ఆ పై వారం వచ్చాడు గానీ ఖర్జూరాలు తేలేదు. అమ్మతో మాట్లాడ్డం మానేశాను. అమ్మకి అదీ పట్టలేదు. పాప అలిగింది, కాస్త పెరుగన్నం పెడితే సర్దుకుంటుంది అనుకుంది. పెరుగన్నం తెచ్చి మంచం మీద పెట్టింది కూడా.

ఆ రోజుల్లోనే మేడమ్ వంటింట్లోకి వచ్చింది. అమ్మా నేనూ ఖర్జూరాల్లో గింజలు తీస్తున్నాం. మేడమ్ వాళ్ళ తల్లి దూరంగా ఉమ్ అల్ క్వైన్ అనే ఊళ్ళో చిన్న కూతురి దగ్గర ఉండేది. ఆవిడ మంచాన పడింది. చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. మీ ఇద్దరిలో ఒకరు వెళ్తే బాగుంటుంది, మీ అమ్మయితే పెద్ద మనిషి, ఓపికుంది, అంది మేడమ్. ఆ తర్వాత అన్న మాట నాకు ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"బలవంతం లేదు. ఇష్టం లేకపోతే చెప్పమను. వేరే మనిషిని పిలిపిస్తాను. మీ అమ్మనే అడుగు."

నేను అమ్మని అడిగాను. అడగడం మాత్రం సరిగ్గానే అడిగాను. అమ్మ చేతిలో ఖర్జూరం వదిలేసి లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎల్లనని చెప్పవే. నా పిల్లనొదిలి నేను ఉండలేనని చెప్పు. నేను లేపోతే ఇది తిండి కూడా సరిగ్గా తినదు. కావాలంటే ఇద్దరి పనీ నేనే చేత్తాను. మమ్మల్ని ఇడదీయొద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. చెప్పవే పాపా."

నేను మేడమ్ వైపు తిరిగాను. ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టు వేడెక్కిపోయింది. చేతులు వణికాయి. అప్పుడు నా నోట్లోంచి అరబ్బీ వచ్చింది.

"అమ్మ వెళ్తానంటోంది, మేడమ్."

"మరి ఏడుస్తోందేం?"

"సంతోషంతో. పెద్దావిడకి సేవ చేసే భాగ్యం దొరికిందని."

మేడమ్ మంచి మనిషి. ఆవిడ కళ్ళు కూడా చెమర్చాయి. దగ్గరికొచ్చి అమ్మ తల మీద ముద్దు పెట్టుకుంది. ఖలాస్, ఇక అంతా అయిపోయింది. అమ్మ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఒప్పుకుందే! ఒప్పేసుకుందే!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది.

మేడమ్ బయటికెళ్ళాక నేను రెండో అబద్ధం చెప్పాను. "ఒప్పుకోలేదమ్మా. నిన్నే పంపుతుందట. నేను ఎంతో బతిమాలాను."

అమ్మ మొహం చూడలేకపోయాను. గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అమ్మ చెయ్యి నా వీపు మీద పడింది. "పోన్లే పాపా. నువ్వేం చేత్తావు. నువ్వు బతిమాలడం చూశాను కదా. మొహమంతా కందిపోయింది నా తల్లికి" అంది. నన్నే ఓదార్చింది.

అక్కడైనా చెప్పి ఉండొచ్చు. మేడమ్ ఇంకా వరండా కూడా దాటలేదు. పరుగెత్తుకెళ్ళి, తప్పు చెప్పాను మేడమ్ అంటే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? పోనీ, నేనే వెళ్తానని ఎందుకనలేదు? అమ్మకి దూరంగా ఉండడమే కావాలంటే అదీ దారే కదా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. జవాబు చాలా చిన్నది, చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. నాకు దూరం కాదు కావాల్సింది. శుక్రవారం కావాలి. అమ్మ లేని శుక్రవారం.

దొరికింది. ఏం చేసుకున్నాను దాన్ని? అందరూ నన్ను చూసి, అమ్మ నుంచి ఫోనొచ్చిందా అని అడిగేవాళ్ళు. అమ్మ కూర్చునే చోట ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. డోలక్ అబ్బాయి మళ్ళీ పలకరించాడు, మళ్ళీ ఖర్జూరాలు తెచ్చాడు. ఆ ఏడు సెలవుకెళ్ళినవాడు పెళ్ళి చేసుకుని వచ్చాడు. తప్పు అతనిది కాదు. అతను నాకెప్పుడూ ఏ మాటా ఇవ్వలేదు. అతను ఆ పెళ్ళి సంగతి కూటంలో చెప్పిన రోజు నేనూ అందరితో పాటు స్తోత్రం చెప్పి, ఇంటికొచ్చి, అమ్మ మంచం మీద పడుకున్నాను.

ఉమ్ అల్ క్వైన్‌లో అమ్మకి సెలవు లేదు. తెలుగు ముక్క మాట్లాడే మనిషి లేదు. మంచంలో ఉన్న పెద్దావిడకి తెలుగు రాదు, అమ్మకి అరబ్బీ రాదు. అయినా రోజంతా ఆవిడతోనే మాట్లాడేదట. శుక్రవారం పూట ఆ మంచం పక్కనే నిలబడి సాక్ష్యం చెప్పుకునేదట. ఆవిడ అంతా విని అల్ హందులిల్లా, అంటే దేవుడికి స్తోత్రం, అనేదట. ఫోన్లో ఈ సంగతి చెప్పి అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా చెడ్డది.

ఏడాది దాటాక ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, చెవిలోంచి చీము కారుతోందని, తల పగిలిపోతోందని చెప్పింది. అక్కడి మేడమ్‌కి సైగ చేస్తే తలనొప్పి అనుకుని బిళ్ళ ఇస్తోందట. ఆవిడ పక్కనే ఉంది, ఫోనిస్తాను, కాస్త చెప్పవే పాపా అంది. ఒక్క మాట. చెవి నొప్పి అనే ఒక్క మాట. అరబ్బీలో అది చాలా తేలిక మాట, పసిపిల్లలకి కూడా తెలుసు. నేను, పనిలో ఉన్నానమ్మా, మా మేడమ్‌తో చెప్పిస్తాను అని ఫోన్ పెట్టేశాను.

చెప్పించలేదు. ఆ వారం చెప్పలేదు, ఆ పై వారమూ చెప్పలేదు. అబద్ధం బయటపడుతుందని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చెవి నొప్పికీ నా అబద్ధానికీ ఏం సంబంధం? అసలు భయం అది కాదు. జబ్బు చేసిందంటే అమ్మని అల్ ఐన్‌కి తిరిగి పంపేస్తారు. మళ్ళీ ఆ పక్క మంచం, మళ్ళీ ఆ గొంతు, మళ్ళీ సాక్ష్యం. అప్పటికి డోలక్ అబ్బాయికి పెళ్ళయిపోయింది. దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అయినా వద్దనుకున్నాను. మనిషన్నవాళ్ళు చెయ్యాల్సిన పనేనా?

చివరికి తలగడ మీద చీము మరకలు చూసి వాళ్ళే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అప్పటికే ఆలస్యమైంది. ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది సగం పని చేస్తుంది. ఇంకా ముందే తీసుకొచ్చి ఉంటే అని డాక్టరు అన్నాడట. ఆ మాట మా మేడమ్ నాకు చెప్పింది. అమ్మకి నేను చెప్పలేదు.

రెండు వేల ఎనిమిదిలో ఆ పెద్దావిడ పోయింది. అమ్మ చెవుల సంగతి చూసి, ఇద్దరం ఇంటికెళ్ళిపోతామని మేడమ్‌ని అడిగాను. బయల్దేరే ముందు అమ్మని అల్ ఐన్‌కి తీసుకొచ్చారు. మనిషి సగమైంది. ఎవరన్నా మాట్లాడుతుంటే, తిట్టారేమోనన్నట్టు పెదవుల వంక చూసేది. నేను ఏళ్ళ తరబడి కోరుకున్న నెమ్మదైన అమ్మ నాకు దొరికింది. దేవుడా, ఇలాగా నేను కోరుకుంది?

చివరి శుక్రవారం కూటానికి వెళ్ళాం. సాక్ష్యాలప్పుడు అమ్మ లేచింది. తన గొంతు తనకే వినపడక మునుపటికన్నా గట్టిగా అరిచి చెప్పింది. ఈసారి నా జబ్బులు లేవు, నా కాపురం లేదు. "ఆ రోజు మేడమ్ నన్ను పంపేత్తానంటే నా పాప ఆవిణ్ణి ఎంత బతిమాలిందో ఈ కళ్ళతో చూశాను. చేతులు వణికిపోయినియ్యి దానికి. నాకు చెవులు పోయినా బాధ లేదు. ఇలాంటి కూతుర్నిచ్చిన దేవుడికి స్తోత్రం."

హాలంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. ఎవరో ఏడ్చారు. కరుణ ఆంటీ నా వైపు తిరిగి, నువ్వెప్పుడూ సాక్ష్యం చెప్పలేదు, ఈ ఒక్కసారైనా లేచి చెప్పమ్మా అంది.

లేచాను. అందరూ నా వంకే చూస్తున్నారు. అమ్మ నా పెదవుల వంక చూస్తోంది. అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదని నాకు తెలుసు. పక్క తడిపిన సంగతి, కడుపు పోయిన సంగతి, మొగుడు వదిలేసిన సంగతి, అన్నీ ఆ హాల్లో చెప్పేసింది అమ్మ. ఒక్కటే మిగిలింది, అది నేనే చెప్పాలి. "స్తోత్రం" అన్నాను. కూర్చున్నాను. అమ్మ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆదివారం ఆదివారం మా ఊరి చర్చిలో అదే సాక్ష్యం చెప్తుంది. పిల్లలకి నన్ను చూపించి, కూతురంటే ఇలా ఉండాలి అంటారు. చిన్నప్పటి నుంచీ అమ్మ నా గురించి నిజాలు చెప్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు అబద్ధం చెప్తోంది, అబద్ధమని తనకి తెలియదు, ఆ అబద్ధం తన నోట్లో పెట్టింది నేనే. ఆ సిగ్గుకీ ఈ సిగ్గుకీ పోలికే లేదు.

ఒకసారి చెప్పాను. అబద్ధమెందుకు, చెప్పాను. అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతుంటే, పూర్తిగా పోయిన చెవి వైపు కూర్చుని, మెల్లగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అమ్మ ఎందుకో తల తిప్పి, "ఏంటి పాపా?" అంది. "ఏం లేదమ్మా, అన్నం పెట్టనా అన్నాను" అన్నాను. "నువ్వు తిన్నావా?" అంది.

దాన్ని ఒప్పుకోవడం అనరని నాకు తెలుసు. అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరు నన్ను క్షమించక్కర్లేదు, స్తోత్రం అననూ అక్కర్లేదు. ఆ రోజు వంటింట్లో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దాన్ని ఒక్కసారైనా సరిగ్గా చెప్పనివ్వండి.

మేడమ్, మా అమ్మ వెళ్ళనంటోంది. నన్ను వదిలి ఉండలేనంటోంది. మమ్మల్ని విడదీయొద్దని మీ కాళ్ళు పట్టుకుంటానంటోంది.